ఆటలో ఊడిన పన్ను: తొలి అరగంట ఎవరి చేతిలో ఉంటుంది?

మైదానంలో ఎవరికైనా చీలమండ బెణికితే సలహా చెప్పడానికి పదిమంది ముందుకొస్తారు. ఐస్ పెట్టమని ఒకరు, బరువు మోపొద్దని ఒకరు, కాలు ఎత్తులో ఉంచమని ఒకరు. అదే మూతికి బంతి తగిలి పన్ను ఊడి కింద పడితే చాలామందికి కాళ్లూ చేతులూ ఆడవు. నెత్తురు చూసి కంగారుపడి, నోరు పుక్కిలింపజేసి, దూది పెట్టి పిల్లాణ్ణి ఇంటికి పంపేస్తారు. పన్ను మైదానంలోనే ఉండిపోతుంది. ఎవరైనా వెతికి తెచ్చినా కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకుంటారు. ఆ పొట్లంలో అది ఎండిపోతుంది. బెణికిన కాలికి కట్టు సరిగ్గా కట్టకపోయినా కొన్ని వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. ఎండిపోయిన పన్ను సర్దుకోదు.

విద్యార్థి ఆటగాళ్ల నోటికీ ముఖానికీ తగిలే దెబ్బల్లో ఆస్పత్రి చేయగలిగింది చాలా ఉంది. కానీ డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఇంకా ఏం మిగిలి ఉంటుందనేది మైదానంలో పక్కనున్న టీచరు, కోచ్, కెప్టెన్, తోటి ఆటగాడు చేసే పనిమీద ఆధారపడి ఉంటుంది. ఆ మనుషులకు మాత్రం దీని గురించి దాదాపు ఎవరూ ఏమీ నేర్పరు. నా దృష్టిలో ఈ విషయంలో అసలు లోపం అదే.

ఎవరికి, ఎందుకు తగులుతుంది

దెబ్బతినే పళ్లలో అత్యధికం పై దవడలోని మధ్య రెండు పళ్లే. ముఖంలో బాగా ముందుకు ఉండేవి అవే. నవ్వినా, అరిచినా, ఆయాసంతో నోరు తెరిచినా పెదవి పక్కకు తప్పుకుంటుంది కాబట్టి వాటికి అడ్డమేమీ ఉండదు. ఇవి సుమారు ఏడెనిమిదేళ్ల వయసులో వస్తాయి. పైకి పూర్తిగా వచ్చినట్టు కనిపించినా లోపల వేరు తయారవడానికి ఇంకో మూడేళ్లు పడుతుంది. తొమ్మిదేళ్ల పిల్లవాడి పన్ను పెద్దవాళ్ల పన్నులాగే ఉంటుంది, కానీ వేరు కొన ఇంకా తెరుచుకునే ఉండొచ్చు. చికిత్స దగ్గర ఈ సంగతి చాలా పెద్ద తేడా తెస్తుంది.

పై పళ్లు ఎత్తుగా ఉన్న పిల్లలకు ముప్పు మరీ ఎక్కువ. పై పళ్లు కింది పళ్లకంటే 3 మిల్లీమీటర్లకు మించి ముందుకు ఉంటే దెబ్బతినే అవకాశం దాదాపు రెట్టింపని, అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలన 1999లో తేల్చింది. అలాంటి పిల్లలకు క్లిప్పులు వేయించడాన్ని అందం కోసం చేసే పనిగానే చూస్తాం. ఆటలాడే పిల్లల విషయంలో అది రక్షణ కూడా.

ఇదేదో అరుదైన సమస్య కాదు. శాశ్వత దంతాలకు ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తగిలినవాళ్లు ప్రపంచంలో 100 కోట్లకు పైనే ఉంటారని 2018లో వచ్చిన ఒక విస్తృత విశ్లేషణ అంచనా కట్టింది. అందులో కిందపడటాలు, రోడ్డు ప్రమాదాలు, కొట్లాటలు అన్నీ కలిసే ఉన్నాయి. పెద్ద పిల్లల్లో, కాలేజీ వయసువాళ్లలో మాత్రం ఆటల వాటా బాగా కనిపిస్తుంది.

ప్రొఫెషనల్ ఆటగాడికీ విద్యార్థికీ తేడా నైపుణ్యంలోనే కాదు. ప్రొఫెషనల్ జట్టు వెంట డాక్టరు, ఫిజియో ఉంటారు. స్కూలు జట్టు వెంట తరచుగా ఒక్క వ్యాయామ ఉపాధ్యాయుడే ఉంటారు. కోచ్ ఆయనే, అంపైర్ ఆయనే, ప్రథమ చికిత్స చేయాల్సిందీ ఆయనే. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో ఒకే తరగతి పిల్లల మధ్య ఎత్తులో, బరువులో చాలా తేడా ఉంటుంది. ఒకడి భుజం సరిగ్గా ఇంకొకడి నోటి ఎత్తుకు వస్తుంది. పైగా మ్యాచ్ రోజు ఉండే జాగ్రత్త ప్రాక్టీసులో ఉండదు. హెల్మెట్లు, ప్యాడ్లు బ్యాగులోనే ఉంటాయి, బంతి మాత్రం అదే వేగంతో వస్తుంది.

పంటికీ ఎముకకూ మధ్య

పన్ను గోడలో దిగగొట్టిన మేకులా ఎముకలో బిగుసుకుని ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య మిల్లీమీటరులో ఐదో వంతు మందాన సన్నటి పొర ఒకటి ఉంటుంది. దాన్ని పెరియోడాంటల్ లిగమెంట్ అంటారు. అందులోని నారలు ఒక కొసతో వేరును, ఇంకో కొసతో ఎముకను పట్టుకుని పన్నును నిలబెడతాయి. నమిలేటప్పుడు పంటి కింద పడింది గట్టిదో మెత్తదో మనకు తెలిసేది చాలావరకు ఈ పొరలోని నరాల వల్లే. పన్ను పూర్తిగా ఊడినప్పుడు ఈ పొర నిలువునా చిరుగుతుంది. కొంత భాగం గుంటలో ఉండిపోతుంది, మిగతాది వేరును అంటిపెట్టుకుని బయటికొస్తుంది.

అలా బయటికొచ్చిన భాగంలో కణాలు ఎంతసేపు బతికుంటాయన్నదే అసలు ప్రశ్న. గాలికి ఆరిపోతే అరగంటలో చాలావరకు చచ్చిపోతాయి. గంట దాటితే ఇక బతికున్నవి లేవనే డాక్టర్లు లెక్కేసుకుంటారు. వెంటనే, లేదా పావుగంట లోపు పన్నును తిరిగి గుంటలో పెట్టగలిగితే పొర బతికే అవకాశం చాలా ఎక్కువ. డెన్మార్క్‌కు చెందిన దంతవైద్య పరిశోధకుడు జెన్స్ ఆండ్రియాసెన్ తన సహచరుడితో కలిసి 1966లో, తిరిగి అమర్చిన 110 పళ్ల గురించి ఒక నివేదిక ప్రచురించారు. అరగంటలోపు పెట్టినవాటిలో 90 శాతం పళ్ల వేళ్లు రెండేళ్ల తర్వాత కూడా చెక్కుచెదరలేదు. రెండు గంటలు దాటాక పెట్టినవాటిలో 95 శాతం వేళ్లు కరగడం మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో చికిత్స ఎంతో మారింది. ఈ అరగంట లెక్క మాత్రం మారలేదు.

వేరు కరగడమంటే ఏమిటో కొంచెం చూడాలి. మన ఎముక స్థిరంగా ఉండదు. పాతదాన్ని కరిగించుకుంటూ కొత్తదాన్ని కట్టుకుంటూ నిత్యం మారుతుంటుంది. మధ్యలో బతికున్న పొర ఉన్నంతకాలం ఆ పని పంటి జోలికి రాదు. పొర చచ్చిపోతే ఎముక నేరుగా వేరును తాకుతుంది. ఇక శరీరానికి వేరూ ఎముకే. దాన్నీ కొద్దికొద్దిగా కరిగించి ఆ చోట ఎముకను నింపుతూ పోతుంది. పెద్దవాళ్లలో ఇది చాలా ఏళ్లు పడుతుంది. ఎదిగే పిల్లల్లో త్వరగా జరుగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అలా ఎముకకు అతుక్కుపోయిన పన్ను దవడతోపాటు కిందికి దిగదు. పక్క పళ్లు దిగుతుంటాయి, ఇది ఉన్నచోటే ఉంటుంది. పన్నెండేళ్లప్పుడు బాగానే కనిపించిన పన్ను పదిహేనేళ్లకు పొట్టిగా, లోపలికి పోయినట్టు కనిపించేది ఇందుకే.

ఇదంతా తెలిశాక మైదానంలో చేయాల్సిన పని వేరే ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అర్థమవుతుంది. పన్నును వెతకాలి. నోట్లో బయటికి కనిపించే తెల్లటి భాగాన్ని మాత్రమే పట్టుకోవాలి, వేరును ముట్టుకోకూడదు. ఎందుకంటే మనకు కావాల్సిన పొర ఉన్నది వేరు మీదే. మట్టి అంటితే పాలతోనో సెలైన్‌తోనో మెల్లగా కడగాలి. అవి లేకపోతే కొళాయి కింద కొన్ని సెకన్లు పట్టుకుంటే చాలు. రుద్దడం, సబ్బు పెట్టడం, గుడ్డతో తుడవడం చేస్తే మనమే ఆ పొరను గీకి పారేసినట్టు. ఆ తర్వాత పక్క పన్నుతో పోల్చుకుని ముందువైపు ముందుకే వచ్చేలా గుంటలో పెట్టి వేలితో నెమ్మదిగా నొక్కాలి. పైన మడిచిన శుభ్రమైన గుడ్డ పెట్టి కరిచి పట్టుకోమనాలి. అలాగే డెంటిస్టు దగ్గరికి బయల్దేరాలి.

ఊడిన పన్నును మళ్లీ నోట్లో పెట్టడానికి ఎవరికైనా చేతులు వణుకుతాయి. తప్పుగా పెడతామేమోనన్న భయం సహజమే. కానీ కాస్త వంకరగా కూర్చున్న పన్నును డాక్టరు సరిచేయగలరు, చచ్చిపోయిన పొరను బతికించలేరు. ఆలస్యం చేసేకొద్దీ గుంటలో నెత్తురు గడ్డకట్టి పెట్టడమూ కష్టమవుతుంది.

పెట్టే పరిస్థితి లేకపోతే తడి ఆరనివ్వకుండా ఉంచాలి. అందరికీ దొరికే వాటిలో చల్లటి పాలు మేలైనవి. పాలలోని లవణాల గాఢత మన కణాలకు సరిపడే స్థాయిలో ఉంటుంది, కాబట్టి కణాలు కొన్ని గంటలు నిలుస్తాయి. ఓఆర్‌ఎస్ ద్రావణంలో వేసినా, వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ రేకులో గట్టిగా చుట్టినా పనికొస్తుంది. ఏదీ లేకపోతే దెబ్బ తగిలిన పిల్లవాడి ఉమ్మే ఒక గ్లాసులో పట్టి అందులో ఉంచొచ్చు. మామూలు నీళ్లు చివరి మార్గం. ఉప్పు లేని నీళ్లను పీల్చుకుని కణాలు ఉబ్బి పగిలిపోతాయి. అయినా ఆరిపోవడం కంటే నీళ్లే నయం.

రెండు మినహాయింపులు గుర్తుండాలి. పాలపన్ను ఊడితే తిరిగి పెట్టకూడదు, కింద తయారవుతున్న శాశ్వత దంతం దెబ్బతింటుంది. స్పృహ సరిగ్గా లేని పిల్లవాడి నోట్లో కూడా పన్ను పెట్టకూడదు, గొంతులోకి జారిపోవచ్చు. అలాంటప్పుడు పన్ను పాలలో ఉండాలి, పిల్లవాడు ఆస్పత్రిలో ఉండాలి. తలకు తగిలిన దెబ్బ ముందు, పన్ను తర్వాత.

డెంటిస్టు దగ్గర ఎక్స్‌రే తీసి, పక్క పళ్లకు సన్నటి తీగతో కలిపి రెండు వారాలపాటు ఆనిస్తారు. ఆ తీగ కావాలనే కొంచెం కదిలేలా ఉంటుంది. బిగించి కట్టేస్తే పన్ను ఎముకకు అతుక్కుపోయే ముప్పు పెరుగుతుంది. టీటీ ఇంజెక్షన్ అవసరమా అని చూస్తారు, యాంటీబయాటిక్ ఇస్తారు. వేరు పూర్తిగా తయారైన పన్నుకు రెండు వారాల్లోపు రూట్ కెనాల్ మొదలుపెడతారు, ఎందుకంటే లోపల తెగిపోయిన నరం మళ్లీ బతకదు. వేరు కొన ఇంకా తెరుచుకుని ఉన్న పిల్లల్లో మాత్రం ఆగి చూస్తారు. ఆ తెరుచుకున్న కొసలోంచి రక్తనాళాలు మళ్లీ లోపలికి పెరిగే అవకాశం ఉంటుంది.

ఊడకపోయినా దెబ్బ దెబ్బే

పూర్తిగా ఊడిపోవడం భయంకరంగా కనిపించినా, ఆటల్లో ఎక్కువగా జరిగేది పంటి అంచు దగ్గర మూల విరగడం. విరిగిన ముక్క దొరికితే పారేయకూడదు. నీళ్లలోనో పాలలోనో వేసి తీసుకెళ్తే చాలాసార్లు దాన్నే తిరిగి అతికిస్తారు. రంగు, ఆకారం పన్నుకు సొంతమే కాబట్టి ఏ ఫిల్లింగ్ కంటే బాగా కలిసిపోతుంది. విరిగిన చోట మధ్యలో ఎర్రటి చుక్క కనిపిస్తే లోపలి నరం బయటపడిందని అర్థం. అది అదే రోజు చూపించాల్సిన గాయం.

ముక్క ఎక్కడా దొరకకపోతే అది పెదవి లోపల ఇరుక్కుని ఉండొచ్చు. పెదవి చిట్లినప్పుడు లోపలికి దిగిన పంటి ముక్కను చూసుకోకుండా కుట్లు వేస్తే తర్వాత చీము పడుతుంది. పన్ను మొత్తం కనిపించకపోతే, ముఖ్యంగా పిల్లవాడు కాసేపు స్పృహ తప్పి ఉంటే, ఊపిరితిత్తుల్లోకి పోయిందేమోనని ఛాతీ ఎక్స్‌రే కూడా తీయాలి. మైదానంలో పన్ను కోసం వెతకడం ఇందుకు కూడా అవసరమే.

పన్ను లోపలికి దిగిపోయే గాయం మరో రకం. పక్క పన్నుకంటే పొట్టిగా కనిపిస్తుంది, కదలదు, పెద్దగా నెత్తురు రాదు. కదలడం లేదు కదా అని వదిలేస్తారు. నిజానికి పళ్లకు తగిలే దెబ్బల్లో బాగా చెడ్డవాటిలో ఇదొకటి, ఎందుకంటే ఆ పొర మొత్తం ఎముకకు, వేరుకు మధ్య నలిగిపోయి ఉంటుంది. పన్ను ఉన్నచోటి నుంచి జరిగి కరిచినప్పుడు ఇదివరకటిలా కలవకపోతే కూడా అదే రోజు చూపించాలి.

ముఖం మీద బయటపడని దెబ్బలు

గడ్డం కింద చిన్న కోత పడితే రెండు కుట్లు వేసి పంపేస్తారు. గడ్డానికి తగిలిన దెబ్బ బలం అక్కడే ఆగిపోదు. దవడ ఎముక గుండా వెనక్కి పోయి చెవి ముందుండే కీలు దగ్గర తేలుతుంది. దవడ ఎముక అక్కడ మెడలా సన్నబడుతుంది, విరిగేది ఆ భాగమే. గడ్డం మీద గాయం ఉన్న ప్రతి పిల్లవాణ్ణీ నోరు పూర్తిగా తెరవమనాలి. చెవి ముందు నొప్పి ఉందా, తెరిచేటప్పుడు దవడ ఒక పక్కకు పోతోందా, పళ్లు ఎప్పటిలాగే కలుస్తున్నాయా చూడాలి. ఎదిగే వయసులో దవడ పెరుగుదలకు ఆ కీలు ముఖ్యం. అక్కడ విరిగిన సంగతి తెలుసుకోకుండా వదిలేస్తే కీలు బిగుసుకుపోవచ్చు, ఆ పక్క దవడ సరిగ్గా పెరగక ముఖం వంకరపోవచ్చు. కోత వారంలో మానిపోతుంది, అందుకే లోపలి సంగతి ఎవరికీ తట్టదు.

కంటి దగ్గర ఇంతకంటే మోసపూరితమైనది ఒకటుంది. కంటికి మోచెయ్యో బంతో తగిలినప్పుడు కంటి గుంట అడుగున ఉండే పల్చటి ఎముక విరుగుతుంది. పెద్దవాళ్లలో ముక్కలవుతుంది. పిల్లల ఎముక కొంచెం వంగే గుణమున్నది కాబట్టి చీలి తెరుచుకుని, మళ్లీ వెనక్కి వచ్చి మూసుకుంటుంది. ఆ సందులో కన్ను తిప్పే కండరం ఇరుక్కుపోతుంది. బయటికి చూస్తే కన్ను తెల్లగా, మామూలుగా ఉంటుంది. వాపు కూడా పెద్దగా ఉండదు. పిల్లవాడు మాత్రం వాంతులు చేసుకుంటాడు, నీరసపడతాడు, గుండె వేగం తగ్గుతుంది. ఇరుక్కున్న కండరం నుంచి వెళ్లే నరాల సంకేతం వల్ల అలా జరుగుతుంది. వాంతులు చూసి తల దెబ్బ అనుకుంటారు, తల స్కాన్ బాగుందని ఇంటికి పంపేస్తారు. అప్పుడు చేయాల్సిన చిన్న పరీక్ష ఒకటుంది. తల కదపకుండా పైకి చూడమనాలి. ఒక కన్ను పైకి వెళ్లకపోయినా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, పైకి చూడగానే వాంతి వచ్చినట్టున్నా ఆలస్యం చేయకుండా కంటి సర్జన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆ కండరాన్ని ఒకటి రెండు రోజుల్లోపే విడిపించాలి. లేకపోతే రక్తం అందక దెబ్బతిని కన్ను తిరగడం శాశ్వతంగా తగ్గిపోవచ్చు.

ముక్కు విషయంలో అందరూ చూసేది వంకర పోయిందా అని. దానికి కొన్ని రోజుల సమయం ఉంటుంది. వాపు తగ్గాక, వారం పది రోజుల్లోపు సరిచేస్తారు. అదే రోజు చూడాల్సింది ముక్కు లోపల. రెండు రంధ్రాల మధ్య గోడకు అంటి నెత్తురు గడ్డ కడితే అది మెత్తగా ఉబ్బి కనిపిస్తుంది, ముక్కు పూర్తిగా మూసుకుపోయినట్టుంటుంది. ఆ గోడలోని మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. పైపొర నుంచే పోషణ అందాలి. గడ్డ మధ్యలో అడ్డుపడితే రెండు మూడు రోజుల్లో అది చచ్చిపోతుంది, తర్వాత ముక్కు దూలం కుంగిపోతుంది. ఒక్క టార్చిలైటుతో కనిపెట్టగలిగే సంగతి ఇది.

చెంప మొద్దుబారడం, పై పెదవికి స్పర్శ తెలియకపోవడం, చెంప ఎముక దగ్గర సొట్ట పడటం కూడా ఎముక విరిగిన గుర్తులే.

దెబ్బను దాచుకోవడం విద్యార్థుల్లో మామూలే. జట్టులో చోటు పోతుందని, ఇంట్లో ఆట మాన్పిస్తారని చెప్పరు. 2002లో ఆంటిగ్వా టెస్టులో దవడ విరిగినా తలకు కట్టు కట్టుకుని బౌలింగ్ చేసి బ్రయాన్ లారాను ఔట్ చేసిన అనిల్ కుంబ్లే కథ విననివాళ్లు క్రికెట్ ఆడే పిల్లల్లో తక్కువ. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఆ కథలో పెద్దగా చెప్పుకోని భాగం ఉంది. ఏం విరిగిందో తెలిసిన వైద్య సిబ్బంది ఆయన వెంట ఉన్నారు, ఆయన తన గాయమేమిటో తెలిసిన పెద్దమనిషి, ఆపరేషన్ కోసం వెంటనే ఇంటికి బయల్దేరారు. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఈ మూడూ లేవు. వాడికి ఆ కథ చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పాలి.

మౌత్‌గార్డ్ ఏం చేస్తుంది, ఏం చేయదు

పళ్ల మీద తొడుక్కునే మౌత్‌గార్డ్ బాక్సింగ్ నుంచి వచ్చింది. 1890ల్లో లండన్ దంతవైద్యుడు వుల్ఫ్ క్రాస్ బాక్సర్ల పళ్లకు గట్టపర్చా అనే చెట్టు జిగురు పట్టీలు అమర్చారు. ఇప్పుడు ఎక్కువగా ఈవీఏ అనే మెత్తటి ప్లాస్టిక్‌తో చేస్తారు. పని మాత్రం అదే. ఒక పన్ను మీద పడే దెబ్బను చాలా పళ్లకు పంచుతుంది, పళ్ల అంచులు పెదవిని, బుగ్గను కోయకుండా మధ్యలో అడ్డుంటుంది, కింది దవడ వచ్చి పై పళ్లను గుద్దకుండా మెత్తగా ఆపుతుంది. వాడనివాళ్లకు నోటి దగ్గర దెబ్బ తగిలే ముప్పు వాడేవాళ్లకంటే 1.6 నుంచి 1.9 రెట్లు ఎక్కువని 2007లో పాత అధ్యయనాలన్నింటినీ కలిపి చేసిన విశ్లేషణ చెప్పింది. అంటే బాగా తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు.

తల అదరడం, అంటే కంకషన్ సంగతి వేరు. మౌత్‌గార్డ్ మెదడును కాపాడుతుందని అమ్మేవాళ్లు గట్టిగా చెబుతారు. దీనికి ఆధారాలు అంత బలంగా లేవు. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో, అమెరికా కాలేజీ పురుషుల బాస్కెట్‌బాల్‌లో మౌత్‌గార్డ్ వాడినవాళ్లకు పళ్ల గాయాలు తగ్గాయి, కంకషన్లు తగ్గలేదు. ఐస్ హాకీలో మాత్రం తగ్గుతున్నట్టు ఇటీవలి పరిశీలనలు చూపిస్తున్నాయి, ఆటల్లో తల దెబ్బల మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ నిపుణుల ప్రకటన కూడా ఐస్ హాకీ విషయంలో దాన్ని గుర్తించింది. అన్ని ఆటలకూ ఆ మాట వర్తింపజేయడం తొందరపాటు. మౌత్‌గార్డ్ ఉంది కదా అని తల దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి తిరిగి ఆటలోకి పంపకూడదు.

రకాల్లో చాలా తేడా ఉంది. రెడీమేడ్‌గా కొని నేరుగా పెట్టుకునేవి నోట్లో నిలవవు, ఎప్పుడూ కరిచి పట్టుకుని ఉండాలి. వేడినీళ్లలో ముంచి కరిచి ఆకారం తెచ్చుకునేవి అంతకంటే మేలు, కానీ కరిచేటప్పుడు గట్టిగా నొక్కితే ముందు పళ్ల దగ్గరే, అంటే అసలు అవసరమైన చోటే పల్చబడిపోతాయి. డెంటిస్టు అచ్చు తీసి చేసేది అన్నింటికంటే బాగా కూర్చుంటుంది, మాట్లాడొచ్చు, ఊపిరి ఆడుతుంది. ఖరీదు కూడా దానికే ఎక్కువ. పళ్లు ఊడి వచ్చే వయసులో, క్లిప్పులు వేసుకున్నప్పుడు ఏదైనా తరచూ మార్చాల్సిందే. నా మాట ఏమిటంటే, అచ్చు తీయించే స్తోమత లేదని ఏదీ పెట్టుకోకుండా ఆడటం కంటే వేడినీళ్ల రకాన్ని జాగ్రత్తగా అమర్చుకుని రోజూ పెట్టుకోవడం వెయ్యి రెట్లు నయం. బ్యాగులో ఉన్న ఖరీదైన మౌత్‌గార్డ్ ఏ పన్నునూ కాపాడదు.

పెట్టుకోవాలా వద్దా అన్నది పిల్లలకు వదిలేస్తే పెట్టుకోరు. మాట సరిగ్గా రాదు, వాంతి వచ్చినట్టుంటుంది, పక్కవాళ్లు నవ్వుతారు. మారేది నియమం పెట్టినప్పుడే. అమెరికన్ ఫుట్‌బాల్‌లో (మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, రగ్బీలాంటి ఆట) హైస్కూల్ స్థాయిలో 1962లో, కాలేజీ స్థాయిలో 1973లో మౌత్‌గార్డ్ తప్పనిసరి చేశారు. ఒకప్పుడు ఆ ఆట గాయాల్లో సగం దాకా నోటికీ ముఖానికీ తగిలేవే. హెల్మెట్‌కు ముందు కడ్డీలు, నోట్లో మౌత్‌గార్డ్ వచ్చాక అవి బాగా తగ్గిపోయాయి. కానీ ఆ నియమం ఎక్కువ ఆటలకు పాకలేదు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 29 ఆటలకు మౌత్‌గార్డ్ వాడమంటే, ఆ దేశంలో హైస్కూల్ స్థాయిలో అందరికీ తప్పనిసరి చేసినవి అమెరికన్ ఫుట్‌బాల్, ఐస్ హాకీ, ఫీల్డ్ హాకీ, వల కట్టిన కర్రలతో ఆడే లక్రాస్ మాత్రమే. బాస్కెట్‌బాల్‌లో మోచేతులు, ఫుట్‌బాల్‌లో తలలు, కబడ్డీలో మోకాళ్లు రోజూ మూతికి తగులుతున్నా అవి దెబ్బలాటలు కావన్న పేరుతో నియమం బయటే ఉండిపోయాయి. ముఖానికి ఏ అడ్డూ లేని పిల్లలు ఎక్కువమంది ఉన్నది ఈ ఆటల్లోనే.

క్రికెట్ హెల్మెట్ గురించి తల్లిదండ్రులు గమనించని సంగతి ఒకటి చెప్పాలి. 2014లో ఓల్డ్ ట్రాఫర్డ్ టెస్టులో వరుణ్ ఆరోన్ వేసిన బంతి స్టువర్ట్ బ్రాడ్ హెల్మెట్ గ్రిల్ సందులోంచి దూరి ముక్కు విరగ్గొట్టింది. 2013లో వచ్చిన బ్రిటిష్ ప్రమాణం సరిగ్గా ఈ ప్రమాదాన్నే పరీక్షిస్తుంది, అంచుకూ గ్రిల్‌కూ మధ్య బంతి దూరుతుందా అని. పిల్లల బంతి పెద్దవాళ్ల బంతికంటే చిన్నది. పెద్ద బంతితో మాత్రమే పరీక్షించిన హెల్మెట్‌లో చిన్న బంతి దూరే వీలుంటుంది. పిల్లలకు కొనేటప్పుడు జూనియర్ సైజు బంతితో పరీక్షించినట్టు లేబుల్ మీద ఉందో లేదో చూసుకోవాలి. స్టంప్స్ దగ్గర నిలబడే కీపర్‌కూ ముఖానికి రక్షణ కావాలి. దక్షిణాఫ్రికా కీపర్ మార్క్ బౌచర్ ఆట 2012లో ముగిసిపోయింది బంతి తగిలి కాదు, ఎగిరిన బెయిల్ కంటికి తగిలి.

ఏళ్ల తర్వాత వచ్చే బిల్లు

తీగ తీసేశారు, నొప్పి లేదు, ఇక అయిపోయిందనుకుంటారు. దెబ్బ తగిలిన పంటి నరం నెలల తర్వాత కూడా చచ్చిపోవచ్చు. పన్ను బూడిద రంగుకు తిరగడం, చిగురు మీద చిన్న పొక్కు రావడం దానికి గుర్తులు. ఒక్కోసారి ఏ గుర్తూ లేకుండానే వేరు లోపల కరిగిపోతుంటుంది, ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. అందుకే ఊడి తిరిగి పెట్టిన పన్నును మొదటి ఏడాదిలో పలుమార్లు, ఆ తర్వాత కనీసం ఐదేళ్లపాటు ఏటా చూపించాలి. ఈ లోపు పిల్లవాడు స్కూలు మారతాడు, ఊరు మారతాడు, పాత ఎక్స్‌రేలు పోతాయి. ఒక ఫైలు పెట్టి దాచుకోవడం తల్లిదండ్రులు చేయగలిగిన చాలా పెద్ద పని.

పన్ను పోతే ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పన్ను, వేయించొచ్చు కదా అంటారు. ఎదిగే వయసులో వేయరు. ఇంప్లాంట్ కూడా ఎముకకు అతుక్కుని ఉన్నచోటే ఉండిపోతుంది, దవడ మాత్రం పెరుగుతుంది. పన్నెండేళ్లకు పన్ను పోగొట్టుకున్న అమ్మాయి పెరుగుదల ఆగేదాకా, అంటే దాదాపు ఇరవై ఏళ్ల దాకా, తీసిపెట్టే పన్నుతోనో పక్క పంటికి అతికించిన తాత్కాలిక పన్నుతోనో నెట్టుకురావాలి. ఆ వయసులో ముందు పన్ను లేకుండా తరగతిలో నోరు తెరిచి మాట్లాడటం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. ఆలస్యంగానైనా ఊడిన పన్నును తిరిగి పెట్టమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. అది ఎప్పటికీ నిలవదని తెలిసినా, ఉన్నన్నాళ్లూ అక్కడి ఎముకను, పిల్లల ధైర్యాన్ని నిలబెడుతుంది. ఖర్చు కూడా ఏళ్లపాటు సాగుతుంది. స్కూలు చేయించే బీమాలో పళ్ల చికిత్స ఉందా, ఉంటే ఎన్నేళ్ల వరకు ఇస్తుందన్నది ఏడాది మొదట్లోనే అడగాలి.

స్కూలు చేయాల్సింది పెద్ద ఖర్చు కాదు. ప్రథమ చికిత్స పెట్టెలో మూతున్న చిన్న డబ్బా, సెలైన్ సీసా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, టార్చిలైటు ఉండాలి. సెలవురోజు కూడా చూసే డెంటిస్టు ఫోన్ నంబరు పెట్టె మూతకు అతికించి ఉండాలి. పన్ను ఊడితే ఏం చేయాలో కోచ్‌తోపాటు కెప్టెన్‌కూ తెలియాలి, ఎందుకంటే దెబ్బ తగిలినప్పుడు దగ్గర్లో ఉండేది తోటి పిల్లలే. అంతర్జాతీయ దంత గాయాల సంఘం తెచ్చిన టూత్ ఎస్‌ఓఎస్ యాప్ ఫోన్‌లో ఉంటే ఆ కంగారులో అడుగడుగునా దారి చూపిస్తుంది.

పిల్లవాణ్ణి పంపేటప్పుడు వెంట ఒక చీటీ రాసివ్వాలి. దెబ్బ ఎన్ని గంటలకు తగిలింది, పన్ను ఎంతసేపు బయట ఆరింది, తర్వాత దేనిలో ఉంచారు, స్పృహ తప్పాడా, వాంతి చేసుకున్నాడా, ముక్కలన్నీ దొరికాయా. డెంటిస్టు మొదట అడిగేవి ఇవే, పన్నుకు ఏ చికిత్స చేయాలన్నది వీటిమీదే ఆధారపడుతుంది. ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చిన తల్లిదండ్రులకు వీటిలో ఒక్కదానికీ జవాబు తెలియదు, ఎందుకంటే ఆ సమయానికి మైదానంలో వాళ్లు లేరు.